పాత యంత్రానికి కొత్త కిండి



మా పావగడ తాలూకా పల్లెల్లో పాత రాతి ఇళ్లు చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. గోడ కట్టేటప్పుడే అందులో అక్కడక్కడా చిన్న గూళ్లు వదిలేవారు. ఒక గూట్లో దీపం, ఇంకో గూట్లో ఉప్పు పిడత. ఒకటో రెండో మాత్రం ఊరికే ఖాళీగా ఉండేవి. "ఇది ఎందుకవ్వా?" అని చిన్నప్పుడు అడిగితే, "ఉండనీ నాయనా, ఎప్పుడో ఏదో ఒకటి పెట్టుకోవాల్సి వస్తుంది" అనేది మా అవ్వ. గోడలో వదిలిన చిన్న సందును కన్నడంలో కిండి అంటారు. ఉడుపి శ్రీకృష్ణుని దర్శనానికి వెళ్లినవారికి కనకన కిండి తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మా సరిహద్దువాళ్లకు గూడు, కిండి రెండూ సొంత మాటలే.

ఈనాటి ప్రసంగంలో అలాంటి ఒక కిండి చరిత్ర ముచ్చటించుకుందాం. ఇది రాతిగోడలోది కాదు. పాత లాప్‌టాప్‌ల పక్కన ఉండే సన్నని సందు. లాప్‌టాప్ కొన్నవారిలో చాలామంది ఆ సందు ఎందుకుందో తెలియకుండానే ఏళ్ల తరబడి వాడి, చివరికి యంత్రాన్ని పాతసామాను వానికి వేసేశారు. ఆ సందులో ఒక చిన్న కార్డు దూర్చి పాత లాప్‌టాప్‌కు వేగమైన యూఎస్‌బీ పోర్టులు ఎలా అమర్చుకోగలిగాం? ఆ సందును ఎవరు, ఎందుకు వదిలారు? చివరికి ఎందుకు మూసేశారు? ఇదీ ఈనాటి విషయం. ఇది నా మనసుకు ఎందుకు పట్టిందో చెప్పాలంటే ముందుగా మా బడి సంగతి కొంచెం మనవి చేయాలి.

నేను వెంకటమ్మనహళ్లిలో ఉపాధ్యాయుణ్ణి. పటం తీసి చూస్తే మా తాలూకాయే ఒక విచిత్రం. పాలన కర్ణాటకది, జిల్లా తుమకూరు, మూడు వైపులా మాత్రం ఆంధ్రప్రదేశ్. ఆంధ్ర గోడలోకి దూర్చిన కార్డులాగా ఉంటుంది. పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంటికి వెళితే తెలుగు మాట్లాడతారు. ఆ తెలుగు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. అది ముసలివాళ్ల నోట్లో ఉంది. కరువు కాలాల కథలు, ఎండిపోయిన చెరువుల పేర్లు, వేరుశనగ చేలలో పాడుకునే పాటలు, పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఎగతాళి చేసే మాటలు. 2012లో పిల్లల చేత వీటిని రికార్డు చేయించడం మొదలుపెట్టాను. మా దగ్గర ఉన్నవి ఒక చిన్న కెమెరా, ఎవరో వాడి వదిలేసిన 2009 నాటి లాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. గోడలో కరెంటు ఉన్నంతసేపే దానికి ప్రాణం.

ఒక అవ్వ చాలా చక్కగా మాట్లాడింది. తన చిన్ననాటి కరువులో ఏయే ఆకులు వండుకు తిన్నారో వరసగా చెప్పింది. అంతా అయ్యాక, "ఏం అయివారూ, నా మాట ఆ పెట్టెలో ఎంతకాలముంటాది?" అని అడిగింది. "నువ్వూ నేనూ పోయినా ఉంటుందవ్వా" అన్నాను.

ఉండలేదు. 2014 వేసవిలో లాప్‌టాప్‌లో చోటు చాలక, రికార్డింగులన్నిటినీ బయటి హార్డ్ డిస్కులోకి మార్చడానికి కూర్చున్నాను. మొత్తం 120 గిగాబైట్లు. దాని యూఎస్‌బీ పోర్టు గుండా ఆ సరుకంతా వెళ్లడానికి గంటకు పైగా పడుతుంది. మధ్యలో కరెంటు పోయింది. అసలును అలాగే ఉంచి నకలు తీసుకోవలసింది పోయి, అసలునే అటు తరలించడం నా తప్పు. కరెంటు వచ్చాక చూస్తే అవ్వ ఫైలు ఇక్కడ లేదు, అక్కడ ఉన్నా తెరుచుకోలేదు. మళ్లీ ఒకసారి వెళ్లి అడుగుదాంలే అనుకుంటూ ఉండగానే ఆమె కాలం చేసింది. ఆ ఆకుల పేర్లు ఆమెతోనే పోయాయి.

ఆనాటి నుంచి నాకు ఒకటే లెక్క. కరెంటు ఉండే ఆ గంటలోపల పని ముగియాలి. అందుకు దారి వెడల్పు కావాలి. వేరే లాప్‌టాప్ కొనే స్తోమత లేదు. అప్పుడు చూశాను, యంత్రం ఎడమ పక్కన ప్లాస్టిక్ మూతతో ఉన్న ఆ సన్నని సందును.

ఇక చరిత్రలోకి వెళదాం.

కంప్యూటరులో భవిష్యత్తు కోసం చోటు వదలడమన్నది ఆ యంత్రం ఇంటికి వచ్చిన నాటి నుంచే ఉంది. 1975 జనవరిలో అమెరికాలో ఆల్టెయిర్ అనే యంత్రం ఒక పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. దానికి తెర లేదు, టైపు చేసే మీటలు లేవు. లోపల మాత్రం వంద పిన్నులున్న వరస స్లాట్లు ఉండేవి. ఎవరికి కావలసిన కార్డు వారు తయారుచేసుకుని అందులో గుచ్చుకోవచ్చు. రెండేళ్ల తరువాత, 1977లో ఆపిల్ రెండవ కంప్యూటరు వచ్చింది. దానిలో ఎన్ని స్లాట్లు ఉండాలన్న దానిపై ఇద్దరు స్నేహితులు వాదులాడుకున్నారు. ప్రింటరుకొకటి, మోడెముకొకటి, రెండు చాలునన్నాడు స్టీవ్ జాబ్స్. ఎనిమిది ఉండాల్సిందేనన్నాడు దాన్ని రూపొందించిన స్టీవ్ వోజ్నియాక్. వోజ్నియాక్ మాటే నెగ్గింది. ఆ ఎనిమిది సందుల పుణ్యమా అని ఆ యంత్రం 1993 దాకా అమ్ముడుపోయింది. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో అయిదు స్లాట్లు ఉన్నాయి. వాటి వైరింగు వివరాలను ఆ కంపెనీయే పుస్తకంగా అచ్చువేసింది. అందువల్ల ఎక్కడెక్కడి చిన్న చిన్న తయారీదారులో దానికి కార్డులు చేసి అమ్మగలిగారు.

మన దేశపు బడులకు సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు ఇచ్చింది. ఆ యంత్రం అడుగు భాగాన ట్యూబ్ అనే ఒక కనెక్టరు ఉండేది. రెండవ ప్రాసెసరును తగిలించుకోవడానికి వదిలిన కిండి అది. మామూలు బడిలో దాని అవసరం రాదు. కాని ఆ యంత్రాన్ని తయారుచేసిన ఏకార్న్ కంపెనీ 1985 ఏప్రిల్‌లో తాము కొత్తగా రూపొందించిన ఆర్మ్ చిప్పును పరీక్షించడానికి వాడుకున్నది ఆ కిండినే. ఈనాడు మన చేతుల్లోని మొబైల్ ఫోన్లన్నీ దాదాపు ఆ ఆర్మ్ వంశంలోనివే. వదిలిన సందులోంచి ఏమి వస్తుందో వదిలినవారికి సైతం తెలియదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

బల్ల మీది కంప్యూటరుకు స్లాట్లు వదలడం సులభం. డబ్బా పెద్దది. చేతిలో పట్టుకుపోయే లాప్‌టాప్ మాటేమిటి? అందులో అరచేయంత కార్డు నిలబెట్టే చోటెక్కడిది? 1980లలో ఒక్కొక్క కంపెనీ తన యంత్రానికి మాత్రమే సరిపోయే సందు ఒకటి పెట్టుకునేది. ఒకరి కార్డు మరొకరికి పనికివచ్చేది కాదు. ఈ చిక్కు తీర్చడానికి 1989లో కొన్ని కంపెనీలు కలిసి అమెరికాలో ఒక సంఘం పెట్టుకున్నాయి. దాని పేరు పొడి అక్షరాల్లో పీసీఎంసీఐఏ. ఆ పేరు పలకలేక జనం నవ్వుకుంటూ, కంప్యూటరువాళ్ల పొడి అక్షరాలు మనుషులకు గుర్తుండవు అనే అర్థం వచ్చేలా ఆ అక్షరాలనే విడదీసి చెప్పుకునేవారు. చివరకు ఆ కార్డుకు పీసీ కార్డ్ అనే తేలిక పేరు పెట్టారు.

1990లో ఆ సంఘం తన మొదటి ప్రమాణాన్ని వెలువరించింది. కార్డు పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54 మిల్లీమీటర్లు, పిన్నులు 68. బ్యాంకు ఏటీఎం కార్డుకు కూడా పొడవు వెడల్పులు సరిగ్గా అంతే. మొదట అనుకున్నది జ్ఞాపకశక్తి పెంచే మెమరీ కార్డు కోసమే. మరుసటి సంవత్సరమే ఆ సందును ఇతర పనులకూ తెరిచారు. మోడెములు, నెట్‌వర్క్ కార్డులు వచ్చాయి. 1995లో కార్డ్‌బస్ అనే వేగమైన రూపం వచ్చింది. అది సెకనుకు 133 మెగాబైట్ల వరకు మోయగలదు. దాని అంచున బుడిపెలున్న బంగారు రంగు పట్టీ పెట్టారు. 1995లో ఈ సందు ద్వారా యూఎస్‌బీ పోర్టులు తగిలించుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అప్పటికి యూఎస్‌బీ ఇంకా బజారులోకే రాలేదు.

ఆ యూఎస్‌బీ కథలో మన దేశస్థుడు ఒకరున్నారు. అజయ్ భట్. బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లి ఇంటెల్ కంపెనీలో చేరారు. ఆ రోజుల్లో కంప్యూటరు వెనక చూస్తే ప్రింటరుకొక రకం, మౌసుకొక రకం, మోడెముకొక రకం కనెక్టర్లు ఉండేవి. ఒకటి మార్చితే యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంట్లో భార్య, చదువుకుంటున్న కూతురు ఒక ప్రింటు తీసుకోవడానికి పడ్డ అవస్థ చూసి తనకు ఈ ఆలోచన వచ్చిందని ఆయన చెప్పుకున్నారు. అన్నిటికీ ఒకే సందు ఉండాలన్నది ఆయన, ఆయన సహచరుల పట్టుదల. ఏడు కంపెనీలు కలిశాయి. 1996 జనవరిలో మొదటి ప్రమాణం వచ్చింది. దాన్ని వాడుకున్నందుకు రుసుము అడగకూడదని ఇంటెల్ నిర్ణయించుకుంది. అది అంత వేగంగా పాకడానికి ఇది ఒక పెద్ద కారణం.

యూఎస్‌బీ ప్లగ్గు ఎప్పుడూ మొదటిసారి తప్పువైపే పెడతామని మనమంతా విసుక్కుంటాం. ఎటు పెట్టినా పట్టేలా చేసి ఉండవచ్చు గాని, అప్పుడు తీగెలు రెట్టింపై ఖర్చు పెరిగేదని భట్ గారు తరువాత వివరించారు. చవకగా ఉంటేనే తయారీదారులు ఒప్పుకుంటారు. ఆ చవకతనం కోసం ప్రపంచమంతా ఒక పాతికేళ్లు ప్లగ్గులు తిప్పి తిప్పి గుచ్చింది.

దాని తొలి అడుగులు కూడా అంత గంభీరంగా ఏమీ లేవు. 1998 ఏప్రిల్‌లో విండోస్ 98ను సభలో చూపిస్తూ, బిల్ గేట్స్ పక్కన ఉండగానే, ఒక ఉద్యోగి యూఎస్‌బీ తీగెతో స్కానరు తగిలించగా కంప్యూటరు నీలి తెర వేసి కూలబడింది. అదే ఏడాది ఆగస్టులో ఆపిల్ ఐమాక్ పాత కనెక్టర్లన్నీ తీసేసి యూఎస్‌బీనే నమ్ముకుని వచ్చింది. అక్కడి నుంచి యూఎస్‌బీకి తిరుగులేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మొదటి యూఎస్‌బీ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, అది ఒకటిన్నర మెగాబైట్లు. వాడుకలో ఒక మెగాబైటు చేతికి వస్తే గొప్ప. మౌసుకు అది సముద్రం. హార్డ్ డిస్కుకు మాత్రం చిల్లు కుండలోంచి కారే నీరు. 40 గిగాబైట్లు పంపాలంటే పదకొండు గంటలు పడుతుంది. 2000 ఏప్రిల్‌లో యూఎస్‌బీ 2.0 వచ్చింది. సెకనుకు 480 మెగాబిట్లు, అంటే నలభై రెట్లు. అదే 40 గిగాబైట్లు అరగంట లోపల వెళ్లిపోతాయి. కాని అంతకు ముందే లాప్‌టాప్ కొన్నవారి సంగతి? పోర్టు మదర్‌బోర్డుకు అతికి ఉంటుంది. దాన్ని పీకి మార్చడం సాధ్యం కాదు.

అప్పుడు పనికివచ్చింది ఆ ఖాళీ కిండి. యూఎస్‌బీ 2.0 చిప్పు పెట్టిన కార్డ్‌బస్ కార్డులు బజారులోకి వచ్చాయి. కార్డు సందులో తోస్తే బయటికి రెండు కొత్త పోర్టులు కనిపించేవి. సందు 133 మెగాబైట్లు మోయగలదు, కొత్త యూఎస్‌బీకి కావలసింది 60. సులభంగా సరిపోయింది. 1995లో గీసిన సందులో 2000లో పుట్టిన వేగం ఇమిడిపోయింది. మన వైపు ఇలాంటి కార్డుల కోసం జనం బెంగుళూరు ఎస్పీ రోడ్డుకో, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకో వెళ్లేవారు.

చరిత్ర రెండవసారి కూడా అలాగే నడిచింది. 2003లో పీసీఎంసీఐఏ సంఘం పాత కార్డు స్థానంలో ఎక్స్‌ప్రెస్‌కార్డ్ అనే కొత్త కార్డును తెచ్చింది. పిన్నులు 68 నుంచి 26కు తగ్గాయి. సన్న రకం వెడల్పు 34 మిల్లీమీటర్లే. పిన్నులు తగ్గినా, లోపలి పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి ద్వారా సెకనుకు 250 మెగాబైట్లు వెళ్లగలవు. అయిదేళ్ల తరువాత, 2008 నవంబరులో, యూఎస్‌బీ 3.0 ప్రమాణం వచ్చింది. వేగం సెకనుకు 5 గిగాబిట్లు. 2009లో జపాను కంపెనీ నెక్ దానికి మొదటి కంట్రోలర్ చిప్పు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో దాన్ని గుర్తించే మొదటి ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వచ్చింది. అది ఏ పెద్ద కంపెనీ అమ్మిన సరుకూ కాదు, అందరూ ఉచితంగా వాడుకునే లినక్స్. విండోస్ 7కు డ్రైవరు విడిగా వేసుకోవాలి. విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, అది లోపలే ఉంది.

ఇప్పుడు మళ్లీ మా వెంకటమ్మనహళ్లికి వద్దాం.

సందు ఉందని తెలియగానే నేను చేసిన మొదటి పని తొందరపాటు. బెంగుళూరు వెళుతున్న మా బంధువుతో "లాప్‌టాప్‌లో దూర్చే యూఎస్‌బీ కార్డు తెండి" అని చెప్పి పంపాను. ఆయన తెచ్చాడు. అది 54 మిల్లీమీటర్ల పాత పీసీ కార్డు. నా సందులో సగం కూడా దూరలేదు. మరుసటి వారం నేనే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. దుకాణంలో ఉన్నది కదిరి వైపు అబ్బాయి. "సార్, మీ సందు వెడల్పు కొలుచుకొని వచ్చినారా?" అని అడిగాడు. లెక్కల పాఠం చెప్పేవాడికి ఆ ప్రశ్న కొంచెం గట్టిగానే తగిలింది. తిరిగి వచ్చి మా బడి పిల్లవాడి జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిచాను. సరిగ్గా 34 మిల్లీమీటర్లు. అప్పుడు సరైన కార్డు వచ్చింది.

కార్డు దూర్చాను, డ్రైవరు వేశాను, హార్డ్ డిస్కు తగిలించాను. డిస్కు తిరగడానికి బదులు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మిగిలిన రికార్డింగులన్నీ అందులో ఉన్నాయి. నా గుండె కూడా దానితోపాటే కొట్టుకుంది. వెంటనే పీకేశాను. తరువాత తెలిసింది కారణం. యూఎస్‌బీ పోర్టు అన్నది సమాచారానికి దారి మాత్రమే కాదు, తగిలించిన వస్తువుకు 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల వరకు ఇవ్వాలని నియమం. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ సందులోకి వచ్చేది 3.3 వోల్టులు, 1.5 వోల్టులు మాత్రమే. అయిదు వోల్టులు అక్కడ లేనే లేవు. కార్డు తనలోనే దాన్ని పెంచుకుని ఇవ్వాలి. చిన్న కార్డుకు ఆ బరువు చాలదు.

అందుకే ఆ కార్డు అంచున ఒక చిన్న గుండ్రని రంధ్రం ఉంది. దానికో తీగె కూడా ఇచ్చారు. నేనే అది దండగ అనుకుని డబ్బాలో వదిలేశాను. ఆ తీగె ఒక కొసను లాప్‌టాప్ పాత యూఎస్‌బీ పోర్టులో, రెండో కొసను కార్డులో గుచ్చాలి. పాత పోర్టు నుంచి కరెంటు, కొత్త పోర్టు నుంచి వేగం. అలా పెట్టగానే డిస్కు సాఫీగా తిరిగింది. ఎద్దు ముసలిదైనా బండికి ఒక పక్క పట్టినట్టు అయింది.

120 గిగాబైట్లు 25 నిమిషాల్లో వెళ్లాయి. సెకనుకు దాదాపు 80 మెగాబైట్లు. "5 గిగాబిట్లు అని రాసుంది కద సార్, ఎందుకు రాలేదు?" అని మా ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. నీళ్లు ఎన్ని పైపుల గుండా వచ్చినా, వాటిలో అన్నిటికంటే సన్నని పైపు ఎంత వదిలితే అంతే వస్తాయి. కొత్త యూఎస్‌బీ 500 మెగాబైట్లు మోయగలదు. సందు 250 మాత్రమే మోస్తుంది. లాప్‌టాప్ లోపల తిరిగే పాత డిస్కు మాత్రం 80కి మించి ఇవ్వలేదు. కాబట్టి సందు ఇరుకు మమ్మల్ని బాధించలేదు. డిస్కు ముసలితనమే హద్దయింది. పాత యంత్రానికి ఏది అమర్చాలనుకున్నా ముందు వేసుకోవలసిన లెక్క ఇదే. ఎక్కడ ఇరుకుందో తెలుసుకోకుండా డబ్బు పోస్తే, వెడల్పుగా ఉన్న చోటే ఇంకా వెడల్పు చేసుకుంటాం.

మరి ఇంత ఉపకారం చేసిన ఆ కిండి ఏమైంది? 2010 నాటికి పీసీఎంసీఐఏ సంఘాన్నే మూసివేశారు. దాని బాధ్యతలను యూఎస్‌బీ ప్రమాణాలు చూసే సంస్థకు అప్పగించారు. ఏ యూఎస్‌బీని ఆ సందు రెండుసార్లు ఆదుకుందో, ఆ యూఎస్‌బీయే చివరికి దాని ఇంటి తాళాలు పుచ్చుకుంది. కారణం లేకపోలేదు. ఏ వస్తువునైనా యూఎస్‌బీ తీగెతో తగిలించుకోవచ్చు అయినప్పుడు వేరే సందు ఎందుకన్నారు. యంత్రాలు పలచబడ్డాయి. తరువాతి రెండు మూడేళ్లలో కొత్త లాప్‌టాప్‌ల నుంచి ఆ సందు దాదాపు మాయమైంది. దానితోపాటే ఇతర కిండులూ మూసుకుపోయాయి. తీసి మార్చుకునే బ్యాటరీ జిగురుతో అతుక్కుంది. మెమరీ బోర్డుకు టంకం పడింది.

యూఎస్‌బీ లోపం యూఎస్‌బీయే తీర్చుకోలేదన్న సంగతి మాత్రం మిగిలిపోయింది. పాత పోర్టుకు ఎన్ని కొత్త పోర్టుల హబ్బు తగిలించినా వేగం పాత పోర్టుదే. ఊరికి ఒకే ఇరుకు దారి ఉంటే, ఊళ్లో ఎన్ని వీధులు వేసి ఏం లాభం? ఆ దారి కాక పక్కన ఇంకో దారి ఉన్నవాడే ముందుకు పోగలడు. మా లాప్‌టాప్‌కు ఆ పక్క దారే ఎక్స్‌ప్రెస్‌కార్డ్ అయింది.

అయితే గాలి కొంచెం మళ్లుతున్న సూచనలు ఉన్నాయి. 2021లో అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ, పోర్టులనే చిన్న డబ్బాలుగా తీసి మార్చుకునే లాప్‌టాప్ తెచ్చింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని వేసింది. ఐరోపా దేశాల్లో 2024 డిసెంబరు నుంచి కొత్త మొబైల్ ఫోన్లన్నిటికీ ఒకే రకం యూఎస్‌బీ సందు తప్పనిసరి అయింది. కొన్న వస్తువు మీద కొన్నవాడికి ఎంత అధికారం ఉందన్న ప్రశ్న ఇప్పుడు చట్టాల దాకా వచ్చిందన్నమాట.

మా తాలూకాలోనూ కాలం మారింది. 2018 మార్చిలో ఇక్కడ సౌర విద్యుత్ పార్కు ప్రారంభమైంది. 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. సుమారు 13,000 ఎకరాల మెట్ట నేల మీద అద్దాల పలకలు పరుచుకున్నాయి. ఒకప్పుడు గంటసేపు కరెంటు నిలవక అవ్వ గొంతు పోగొట్టుకున్న నేలలోంచే ఇప్పుడు కరెంటు బయటి ఊళ్లకు పోతోంది. ఆ పొలాల్లో పాడుకున్న పాటలు మాత్రం ఇక ఆ పొలాల్లో వినిపించవు. కొన్ని మా పిల్లల రికార్డింగుల్లో ఉన్నాయి.

ఆ 2009 నాటి లాప్‌టాప్ ఇప్పుడు పక్కకు జరిగింది. లినక్స్ వేస్తే ఇంకా లేస్తుంది. రికార్డింగులు మూడు నకళ్లుగా మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి బడిలో, ఒకటి మా ఇంట్లో, ఒకటి పావగడలో ఒక మిత్రుని దగ్గర. నకలు సరిగా వచ్చిందని తెరిచి చూసుకున్న తరువాతే అసలును కదిలించాలని పిల్లలకు నేర్పాను. ఈ పాఠానికి నేను చెల్లించిన మూల్యం వాళ్లకు తెలుసు.

శ్రోతలకు చివరిగా ఒక మాట మనవి చేస్తాను. మీ ఇంట్లో అటక మీద పాత లాప్‌టాప్ ఉంటే, దాన్ని తూకానికి వేసేముందు ఒకసారి దించి పక్కలు చూడండి. ప్లాస్టిక్ మూత ఉన్న సందు కనిపిస్తే స్కేలుతో కొలవండి. 54 మిల్లీమీటర్లా, 34 మిల్లీమీటర్లా చూసుకోండి. కార్డు కొంటే దానితో వచ్చే కరెంటు తీగెను పారేయకండి. అంతకన్నా ముందు, దాని లోపల ఎవరి గొంతు ఉందో, ఎవరి ఫోటో ఉందో వెతికి నకలు తీసుకోండి.

మా అవ్వ గోడలో ఖాళీ గూడు ఎందుకుందో చెప్పలేకపోయింది గాని, దాన్ని పూడ్చనివ్వలేదు. ఇప్పుడు ఆ గూట్లో మా ఇంటి ఇంటర్నెట్ పెట్టె ఉంది.